బొమ్మలో వొళ్లు ఎవరిది? మెక్సికో చిత్రకళలో అస్తిత్వం, విశ్వాసం, లైంగికత

మెక్సికో చిత్రకళ గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు రెండు తీర్లుగా మాట్లాడుతుంటారు. విప్లవ సాహిత్యం వైపు నుంచి వచ్చినవాళ్లకు మెక్సికో అంటే రివేరా, ఓరోస్కో, సికేరోస్ గీసిన గోడచిత్రాలు. రైతులు, కార్మికులు, ఎర్రజెండాలు. స్త్రీవాదం వైపు నుంచి వచ్చినవాళ్లకు మెక్సికో అంటే ఫ్రీడా కాలో. గాయపడ్డ దేహం, కలిసిపోయిన కనుబొమలు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఐతే ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ బొమ్మల్లో మొక్కజొన్న రుబ్బుతూ, బిడ్డకు పాలిస్తూ, పూలమోపు మోస్తూ, కొన్నిసార్లు వొంటిమీద గుడ్డ లేకుండా కనిపించే మూలవాసి స్త్రీ ఎవరు? ఆమె పేరేమిటి?

ఈ ప్రశ్న మేము ఊరికే అడగడం లేదు. మన కులానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన 'క్యాస్ట్' అనే పేరు 'కస్తా' అన్న మాట నుంచి వచ్చింది. స్పానిష్, పోర్చుగీసు భాషలు రెండింటిలోనూ ఉన్న మాట అది. పోర్చుగీసువాళ్లు దాన్ని తెచ్చి మన సమాజానికి తగిలించారు. స్పెయిన్ వాళ్లు అదే మాటను మెక్సికోలో మనుషుల్ని రక్తాన్నిబట్టి విడదీయడానికి వాడారు. మాట ఒకటైనంత మాత్రాన రెండు వ్యవస్థలూ ఒకటైపోవు. మన వాడల్లోని అంటరానితనం లాంటిది అక్కడ లేదు. మెక్సికో మూలవాసిని దళితుడు అనేయడం కూడా తొందరపాటే. కానీ పుట్టుకను లెక్కగట్టే పనిలో రెండు చోట్లా ఆడదాని వొళ్లే లెక్కల పుస్తకం అయ్యింది. మన దగ్గర ఆ లెక్క శ్లోకాల్లో ఉంది. వాళ్ల దగ్గర రంగుల్లో ఉంది.

మా వాదన క్లుప్తంగా ఇది. మెక్సికోను ఏలినవాళ్లు తమ అస్తిత్వాన్నీ, తమ విశ్వాసాన్నీ, తమ కామాన్నీ మూలవాసి వొంటిమీదనే గీసుకున్నారు. ఆ వొంటికి గౌరవం ఇచ్చినట్టు కనిపించారు గానీ పేరు ఇవ్వలేదు. ఆ పేరు వెతకకుండా మెక్సికో చిత్రకళను మెచ్చుకోవడం సగం చూపే.

పదహారు బొమ్మల లెక్క

18వ శతాబ్దంలో మెక్సికోలో 'కస్తా బొమ్మలు' అనే రకం పుట్టింది. సాధారణంగా పదహారు బొమ్మలు ఒక వరస. ఒక్కో బొమ్మలో ఒక తండ్రి, ఒక తల్లి, వాళ్ల బిడ్డ. పక్కనే రాత: ఫలానా మగవాడికీ ఫలానా ఆడదానికీ పుట్టినవాళ్లు ఫలానా. మిగెల్ కబ్రేరా 1763లో గీసిన వరస వీటిలో బాగా పేరున్నది. మొదటి బొమ్మలో స్పెయిన్ మగవాడు, మూలవాసి స్త్రీ, పుట్టిన బిడ్డ మెస్తిసా. అక్కడినుంచి వరస కిందికి దిగుతున్నకొద్దీ బట్టలు చినుగుతాయి, రంగు ముదురుతుంది, పేర్లు మారతాయి. ఆ పేర్లు చూడండి. 'తోడేలు' అని ఒక పేరు. 'గాలిలో ఆగు' అని ఒక పేరు. 'నువ్వు నాకర్థం కావు' అని ఇంకో పేరు. మనిషికి పెట్టే పేర్లేనా ఇవి?

ఈ లెక్కలో ఒక కిటుకుంది. మూలవాసి రక్తం మూడు తరాలు స్పెయిన్ రక్తంతో కలిస్తే బిడ్డ మళ్లీ 'స్పానిష్' అయిపోతాడు. నల్లవాళ్ల రక్తానికి ఆ దారి లేదు. ఎన్ని తరాలు కలిసినా ఎక్కడో ఒకచోట 'వెనక్కి తిరిగినవాడు' అనే పేరుతో బిడ్డ పుడతాడు. ఆంద్రేస్ దె ఇస్లాస్ 1774లో గీసిన వరసలో స్పెయిన్ మగవాడికీ నల్ల స్త్రీకీ వంటింట్లో కొట్లాట. ఆమె అతని జుట్టు పట్టుకుని కొడుతుంటే కూతురు ఆపబోతుంది. చూసేవాడికి చెప్పదలచిన నీతి ఏందంటే, నల్లదాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటే ఇల్లు ఇట్లా అవుతుందని. బానిసగా తెచ్చిన మనిషిని కోపిష్టిగా చూపించి తప్పును ఆమె మీదికి నెట్టారు.

మాకు ఈ వరస చూస్తే మనుస్మృతి పదో అధ్యాయం గుర్తుకురాక మానదు. బ్రాహ్మణుడికీ శూద్ర స్త్రీకీ పుట్టినవాడు నిషాదుడు. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడు. అక్కడా ఇదే కూడిక. అంబేడ్కర్ తన 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో ఈ సంకర సిద్ధాంతాన్ని మనువు పిచ్చిగా తీసిపారేశారు. జాతులకు జాతుల్నే అక్రమ సంతానమని ముద్రవేసే పని అది. అంతకుముందు 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలోనే ఆయన కులానికి మూలం అంతర్వివాహమని తేల్చారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం, ఈ మూడూ కులం గోడలు కూలకుండా ఆడదాని కోరికను కట్టేసే తాళ్లని చూపించారు. ఆ చూపుతో చూస్తే కస్తా బొమ్మలు కుటుంబ చిత్రాలుగా కనిపించవు. పడకగదిలోకి తొంగిచూసి రాసుకున్న రికార్డుగా కనిపిస్తాయి. మన దగ్గర కలయికను నిషేధించి ఏలారు. అక్కడ కలయికకు ధర కట్టి ఏలారు. మొదటి బొమ్మలోని మూలవాసి స్త్రీ ఆ మగవాడి పక్కకు ఇష్టపడి వచ్చిందా, లాక్కొస్తే వచ్చిందా అన్న ప్రశ్నకు మాత్రం పదహారు బొమ్మల్లో ఎక్కడా జాగా లేదు.

దేవుడు గీశాడా, మార్కోస్ గీశాడా?

ఇక విశ్వాసం దగ్గరికొద్దాం. మెక్సికో అంటే గ్వాదలూపె మాత. 1531లో తెపెయాక్ గుట్టమీద హువాన్ దియేగో అనే మూలవాసికి మేరీమాత కనిపించిందనీ, నారతో నేసిన అతని దుప్పటిమీద ఆమె రూపం తనంత తానే పడిందనీ కథ. ఆ గుట్ట అంతకుముందే 'తొనాన్‌సిన్', అంటే 'మా అమ్మ', అని మూలవాసులు కొలిచిన తావు. జనం చర్చికి పోతూ కూడా పాత పేరే పలుకుతున్నారని సహగూన్ అనే పాదిరి 16వ శతాబ్దంలోనే విసుక్కుంటూ రాశాడు. చామనఛాయ తల్లి, మూలవాసి భక్తుడు. ఓడిపోయిన జనం తమ దేవతను కొత్త గుడ్డ చుట్టి కాపాడుకున్నారు. 1810లో స్వాతంత్ర్యం కోసం లేచినవాళ్లూ, 1914లో జపాటాతో మెక్సికో నగరంలోకి నడిచిన రైతులూ ఆమె పటం పట్టుకునే నడిచారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసే హేతువాదంతో మాకు పేచీ ఉంది. పోశమ్మ, ఎల్లమ్మలు ఉన్న ఇండ్లలో పెరిగినవాళ్లం, శిలువ ఉన్న ఇండ్లలో పెరిగినవాళ్లం. కొలిచేవాళ్లకు దేవత ఏం ఇచ్చిందో కనుక్కోకుండా తీర్పు చెప్పలేం.

ఐతే ఈ కథలో ఒక మనిషి మాయమయ్యాడు. 1556లో బుస్తమాంతె అనే ఫ్రాన్సిస్కన్ పెద్ద ఒక ప్రసంగంలో ఆ బొమ్మను గీసింది మూలవాసి చిత్రకారుడు మార్కోస్ అని అన్నాడు. పొగడ్త కింద అనలేదు. మనిషి గీసిన బొమ్మను మొక్కిస్తున్నారని ఫిర్యాదు కింద అన్నాడు. దానిమీద ఆర్చిబిషప్ విచారణ జరిపించాడు. సాక్షుల వాంగ్మూలాలు ఉన్నాయి కాబట్టి ఆ పేరు మనదాకా వచ్చింది. రెండు వందల ఏళ్లకు, 1751లో, ఆ పటాన్ని పరీక్షించడానికి పేరున్న చిత్రకారుల్ని పిలిచారు. వాళ్లలో ఒకడు 1756లో పుస్తకం అచ్చేసి, ఇది మనిషి చేతి పని కాదని తేల్చాడు. ఆయన ఎవరనుకుంటున్నారు? మిగెల్ కబ్రేరానే. 1763లో పదహారు కస్తాల బొమ్మలు గీసిన ఆ కబ్రేరానే.

ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడమని పాఠకుల్ని కోరుతున్నాం. ఒక చేత్తో మూలవాసి స్త్రీ కడుపున ఎవరు పుడతారో రాసిపెట్టాడు. ఇంకో చేత్తో మూలవాసి చిత్రకారుడి పనితనాన్ని ఆకాశానికి రాసిచ్చాడు. మార్కోసే గీశాడని ఈ రోజు ఎవరమూ రుజువు చేయలేం. కానీ మూలవాసి చేతికి అంత పనితనం ఉండొచ్చన్న ఆలోచనే రాకుండా పోవడం సంగతి మామూలుది కాదు. కిందివాళ్ల పని బాగుంటే అది దైవలీల అవుతుంది, బాగాలేకపోతే వాళ్ల పుట్టుక అవుతుంది. ఈ న్యాయం మనకు కొత్తదా? 2002లో పోప్ హువాన్ దియేగోను పునీతుడిగా ప్రకటించినప్పుడు చర్చి వాడిన అధికారిక చిత్రంలో ఆయన తెల్లగా, నిండు గడ్డంతో స్పెయిన్ వాడిలా ఉన్నాడని మెక్సికోలోనే గొడవ లేచింది. నాలుగు వందల డెబ్బై ఏళ్ల తర్వాత గూడా మూలవాసి ముఖంతో పునీతుడు కావడం కష్టమైంది.

విప్లవం గోడలెక్కినప్పుడు

1910 విప్లవం తర్వాత కొత్త ప్రభుత్వం గోడల్ని చిత్రకారులకు అప్పగించింది. విద్యామంత్రిగా ఆ పని మొదలుపెట్టించిన వాస్‌కొన్‌సెలోస్ 1925లో 'విశ్వజాతి' అనే సిద్ధాంతం రాశాడు. అన్ని రక్తాలూ కలిసిన మెస్తిసోయే రేపటి మనిషి అన్నాడు. వినడానికి బాగుంటుంది. కలిసిపోవడం అంటే ఎవరు ఎవరిలో కలిసిపోవాలన్నదే ప్రశ్న. మూలవాసి తన భాష, తన ఊరు వదిలి మెస్తిసోలో కరగాలి. నల్లవాళ్లయితే లెక్కలోనే లేకుండా పోవాలి. అట్లాగే పోయారు. జనాభా లెక్కల్లో ఆఫ్రికా మూలాలవాళ్లకు పూర్తిస్థాయిలో జాగా దొరికింది 2020లో. అప్పుడు 25 లక్షలకు పైగా మనుషులు మేమున్నామని చెప్పుకున్నారు.

ఓరోస్కో 1926లో సాన్ ఇల్దెఫాన్సో గోడమీద కోర్తెస్‌నూ మలించేనూ దిగంబరంగా పక్కపక్కన కూర్చోబెట్టాడు. చేతులు కలిసి ఉన్నాయి. కోర్తెస్ రెండో చెయ్యి ఆమెకు అడ్డంగా ఉంది. అతని కాలికింద మూలవాసి శవం. మెక్సికో తల్లిదండ్రులు వీళ్లేనని ఆ బొమ్మ చెబుతుంది. దాచకుండా చెప్పినందుకు ఓరోస్కోను మెచ్చుకోవాలి. కానీ మలించేను 1519లో మరో పంతొమ్మిది మంది ఆడవాళ్లతో కలిపి కోర్తెస్‌కు కానుకగా ఇచ్చేశారు. తన్ను తాను ఇచ్చుకునే హక్కు లేని మనిషి ఆమె. ఐనా మెక్సికో వాడుకలో 'మలించిస్తా' అంటే పరాయివాడికి అమ్ముడుపోయినవాళ్లు! అమ్మినవాళ్ల పేరు తిట్టు కాలేదు, అమ్ముడుపోయినదాని పేరు తిట్టయ్యింది.

విప్లవ గోడలకు మగతనం మీద గూడా మోజెక్కువ. రివేరా 1928లో విద్యాశాఖ గోడమీద గాడిదచెవులు తగిలించి ఒక కవిని నేలమీద పడేసి తన్నించాడు. అప్పట్లో స్వలింగ ప్రేమికుడిగా అందరికీ తెలిసిన సాల్వదోర్ నోవోకు తగిలించిన బొమ్మ అది. అంతకుముందు 1901లో మెక్సికో నగరంలో ఒక నాట్యవిందు మీద పోలీసులు దాడిచేసి 41 మందిని పట్టుకుంటే, సగం మంది ఆడవేషంలో ఉన్నారని పొసాదా అచ్చుబొమ్మలు వెలిశాయి. 41 అన్న అంకె తిట్టయి కూర్చుంది. పాలకులు మారారు గానీ ఎగతాళి మారలేదు. ఆడవాళ్లకూ ఇదే గతి. ఊళ్ల గుళ్ల నీడన పెరిగి బలిపీఠాల బొమ్మలు, సర్కస్ బొమ్మలు గీసిన మరియా ఇస్కియెర్దోకు 1945లో నగర ప్రభుత్వ భవనం గోడ ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. అడ్డుపడ్డవాళ్లు రివేరా, సికేరోస్. ప్రజల గోడలమీద ఎవరు గీయాలో తేల్చేది ప్రజలు కారన్నమాట.

దాది ముఖం, లూస్ గొంతు

ఫ్రీడా కాలో ఈ గోడలకు దూరంగా చిన్న రేకులమీద గీసింది. బీదలు గండం గడిచినప్పుడు గుళ్లో కట్టే మొక్కుబడి పటాల తీరును తీసుకుంది. గర్భస్రావాన్ని, నెత్తుటి మంచాన్ని, 1940లో కత్తిరించుకున్న జుట్టునీ, మగదుస్తుల్నీ గీసింది. 1939లో అడవిలో ఇద్దరు ఆడవాళ్లను, ఒకరు తెల్లన, ఒకరు నల్లన, ఒకరి వొళ్లో ఒకర్ని పడుకోబెట్టింది. ఇవన్నీ తెంపు ఉన్న పనులు.

ఐతే 1937లో ఆమె గీసిన 'నా దాది, నేను' దగ్గర మేము ఆగిపోతాం. పసిబిడ్డ వొంటికి పెద్ద ఫ్రీడా తల. ఆ బిడ్డ మూలవాసి దాది పాలు తాగుతోంది. దాది ముఖం మీద రాతి ముసుగు, ప్రాచీన తెయోతివాకాన్ శిల్పం లాంటిది. ప్రాచీన మెక్సికో తనకు పాలిచ్చిందని ఫ్రీడా భావం. విమర్శకులంతా దాన్నే రాస్తారు. మేము ఇంకోటి చూస్తాం. కూలికి పాలిచ్చిన ఆడమనిషి ఒకామె నిజంగా ఉంది. ఆమెకు ఒక ముఖం ఉంది, ఇంట్లో బహుశా తన బిడ్డ ఆకలి కూడా ఉంది. ఆ ముఖాన్ని నాగరికత కప్పేసింది. మూలవాసి సంస్కృతిని ఎంత ఎత్తుకు లేపితే మూలవాసి మనిషి అంత కనపడకుండా పోవడం ఈ ఒక్క బొమ్మలో తెలుస్తుంది. ఫ్రీడా కట్టిన తెవానా దుస్తులదీ ఇదే కథ. నేసిన, కుట్టిన సపోతెక్ ఆడవాళ్ల పేర్లు ఏ మ్యూజియం కార్డుమీదా పెద్దక్షరాల్లో ఉండవు.

పేరు దొరికిన మనిషి ఒకామె ఉంది. లూస్ హిమేనెస్. 1897లో మిల్పా అల్తాలో నహువా కుటుంబంలో పుట్టింది. టీచరు కావాలనుకుంది. విప్లవంలో బడి మూతపడింది. 1916లో కర్రాంసా సైనికులు ఊరి మగవాళ్లను కాల్చినప్పుడు తండ్రి పోయాడు. నగరానికి వచ్చి చిత్రకారులకు మోడల్‌గా నిలబడి బతికింది. రివేరా, షార్లో, ఇంకా ఎందరో ఆమెను చూసి మూలవాసి స్త్రీని గీశారు. నగరంలోని మెక్సికో పార్కులో రెండు కుండలు పట్టుకుని దిగంబరంగా నిలబడ్డ శిల్పం కూడా ఆమెదే. దేశం తన తల్లి అని చూపించుకున్న ఆ ముఖానికి దేశం బడిపంతులు ఉద్యోగం ఇవ్వలేదు.

కానీ లూస్ మాట్లాడింది. తన ఊరి కథను నహువాత్ల్ భాషలో చెప్పింది. ఫెర్నాందో ఓర్కాసితాస్ రాసుకున్న ఆ కథనం ఆమె 1965లో చనిపోయాక, 1968లో పుస్తకమైంది. జపాటా తమ ఊరొచ్చి తమ భాషలోనే మాట్లాడితే జనం ఎట్లా పొంగిపోయారో అందులో చెప్పింది. గోడమీద ఉన్న లూస్‌కు నోరు లేదు, ఎప్పుడూ రుబ్బుతూ వంగి ఉంటుంది. పుస్తకంలో ఉన్న లూస్ సైన్యాల్ని, ఆకలిని, బడిని, పెళ్లిళ్లను, తన కళ్లతో తూచి చెబుతుంది. మెక్సికో కళను పాఠంగా చెప్పేవాళ్లు రివేరా గోడ పక్కన ఈ పుస్తకాన్ని పెట్టి చెప్పాలని మా కోరిక.

దేవతను కిందివాళ్లు మళ్లీ గీస్తే

వెరాక్రూస్ రాష్ట్రంలోని చికోంతెపెక్ అనే చిన్న ఊళ్లో 1947లో పుట్టిన నహూమ్ సెనిల్ ఏళ్లతరబడి బడిపంతులుగా పనిచేసిన చిత్రకారుడు. మగవాణ్ని ప్రేమించే మగవాడు. ఆయన గ్వాదలూపె మాతను వదులుకోలేదు. మొక్కుబడి పటం తీరులోనే తననూ తన తోడునూ ఆమె పాదాల దగ్గర గీసుకున్నాడు. గుళ్లోకి మమ్మల్ని రానివ్వండని అడిగేకంటే అమ్మ మాదేనని చెప్పడం గట్టి మాట. అమెరికాలో మెక్సికో మూలాలున్న యోలాందా లోపెస్ 1978లో గ్వాదలూపె కిరణాల మధ్యలో తననూ, తల్లినీ, అమ్మమ్మనూ నిలబెట్టింది. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని దేవత చుక్కల పైటను తానే కుడుతుంటుంది. దేవత బట్టలు ఎవరు కుట్టారన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు మేము చూడలేదు.

ఇప్పుడు కష్టమైన చోటికొద్దాం. జపాటా హత్య జరిగి నూరేళ్లయిన సందర్భంలో, 2019 చివర, మెక్సికో నగరంలోని బెయాస్ ఆర్తెస్ భవనంలో ప్రదర్శన పెట్టారు. అందులో ఫాబియన్ చైరెస్ 2014లో గీసిన బొమ్మ ఒకటి ఉంది. గుర్రంమీద దిగంబరంగా జపాటా, గులాబీ టోపీ, ఎత్తుమడమల చెప్పులు, ఆ మడమలు తుపాకులు. డిసెంబరు 10న రైతులు భవనంలోకి చొచ్చుకువచ్చారు. స్వలింగ ప్రేమికుల హక్కుల కార్యకర్తలను కొట్టారు. బొమ్మను తీసేయలేదు గానీ, జపాటా కుటుంబం దీన్ని ఒప్పుకోదని పక్కన కార్డు పెట్టారు.

రైతుల కోపాన్ని వెనకబాటుతనమని ఎగతాళి చేసిన నగర మేధావులతో మేము కలవలేం. జపాటాను చంపించిన రాజ్యమే తర్వాత విగ్రహం చేసింది. భూమి అడిగినవాడి పేరు తప్ప ఏమీ మిగలని జనం అది. అట్లని కొట్టిన చేతుల్ని సమర్థించలేం. నాయకుణ్ని ఆడతనంతో చూపిస్తే అవమానం ఎందుకవుతుంది? ఆడతనాన్ని తక్కువగా చూడ్డం వల్లనే గదా! కస్తా బొమ్మలు 'నువ్వు ఎవరికి పుట్టావు' అని అడిగాయి. 1901 పోలీసులు, 1928 గోడ, 2019 గుంపు 'నువ్వు మగాడివేనా' అని అడిగారు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే లెక్కల పుస్తకంలోవి. మొదటి ప్రశ్నతో నలిగిన జనం రెండో ప్రశ్న అడగడానికి సిద్ధపడ్డప్పుడు పై వాళ్ల పని సులువైపోతుంది. మన ఉద్యమాల్లో దళిత స్త్రీలు ఏళ్లుగా చెబుతున్నదీ, మన హిజ్రా సోదరీమణులు ఈమధ్య గట్టిగా చెబుతున్నదీ ఇదే. కులం గోడను ఆడదాని వొంటిమీద కట్టారు కాబట్టి ఆ వొంటిని వదిలేసి గోడను మాత్రం కూల్చడం కుదరదు.

మెక్సికో బొమ్మల నుంచి మన విమర్శకు మూడు పనులు దొరుకుతున్నాయని మేము అనుకుంటున్నాం. మహిమ అన్నచోట పనిచేసిన చెయ్యిని వెతకాలి. సంస్కృతి అన్నచోట ముసుగుకింద ముఖాన్ని అడగాలి. తల్లి అని దండవేసిన చోట ఆ తల్లి ఏం మాట్లాడిందో వినాలి. మార్కోస్ పేరు ఒక ఫిర్యాదులో మిగిలింది. దాది పేరు ఆ బొమ్మలో లేదు. లూస్ మాత్రం తన కథ తాను చెప్పుకుంది కాబట్టి మనకు దొరికింది. మన వాడల్లో, మన అమ్మల దగ్గర, ఇంకా రాయని కథలు ఎన్నున్నాయో లెక్కలేదు. వాటిని రాసుకునే పని ఇతరులకు అప్పజెప్పడానికి వీల్లేదు.